బ్లౌజు కుట్టాక వచ్చే ముడతలు, బిగుతు, జారే భుజాలు: తప్పు ఎక్కడుందో కనిపెట్టి సరిచేయడం

చంక దగ్గర ముడత కనిపించగానే చాలామంది చేసే మొదటి పని పక్క కుట్టును కాస్త లోపలికి వేయడం. ముడత అలాగే ఉంటుంది, ఛాతీ దగ్గర మాత్రం బిగుసుకుంటుంది. మళ్లీ విప్పితే పట్టుగుడ్డ మీద సూది చిల్లులు మిగులుతాయి. బ్లౌజులో ముడత కనిపించే చోటు ఒకటి, తప్పు ఉన్న చోటు ఇంకొకటి. అందుకే కత్తెర, దారం పక్కన పెట్టి ముందు ముడతను చదవాలి.

ఇక్కడ చెప్పే కొలతలన్నీ ఛాతీ 36 అంగుళాలున్న, లైనింగ్ వేసి ముందు హుక్స్ పెట్టిన, కింద షేప్ బెల్టు (ఛాతీ కింద విడిగా వేసే పట్టీ) ఉన్న మామూలు బ్లౌజుకి. సైజు మారితే అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి కానీ పద్ధతి మారదు.

ముడతను చదవడం

బ్లౌజు వేసుకుని, అన్ని హుక్స్ పెట్టుకుని, చేతులు కిందికి వదిలి అద్దం ముందు నిలబడాలి. ముడతను రెండు వేళ్లతో పట్టి చూడండి. గుడ్డ వేళ్ల మధ్యకి తేలిగ్గా వచ్చిందంటే అక్కడ గుడ్డ ఎక్కువైంది. పట్టుకోవడానికి రాకుండా తీగలా బిగిసి ఉంటే ఎక్కడో గుడ్డ చాలలేదు. ఈ రెంటికీ మందు పూర్తిగా వేరు.

వదులుగా నిలువునా పడే ముడత అంటే వెడల్పు ఎక్కువ. వదులుగా అడ్డంగా పడితే పొడవు ఎక్కువ. బిగిసి అడ్డంగా లాగుతుంటే ఆ వరసలో చుట్టుకొలత తక్కువ. ఏటవాలుగా బిగిసిన గీత ఏదైనా దాని ఒక కొస గుడ్డ చాలని చోటుకే చేరుతుంది, ఎక్కువసార్లు ఛాతీ మొన దగ్గరికి.

తర్వాత చేతులు ముందుకి చాపి, పైకెత్తి, మళ్లీ దింపి చూడాలి. కదిలాక ముడతలు వాటంతటవే సర్దుకుంటే ఆ బ్లౌజుకి ఏ మార్పూ చేయకండి. చేయి కదలాలంటే చంకలో కొంచెం గుడ్డ ఉండి తీరాలి. ఒక్క మడత కూడా లేని చంక కావాలంటే చేయి ఎత్తడం మానుకోవాల్సిందే.

పక్క కుట్టు జరిపే ముందు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఒక పక్క కుట్టును పావు అంగుళం లోపలికి వేస్తే ముందు భాగంలో పావు, వెనక భాగంలో పావు పోతాయి. రెండు పక్కలా కలిపి చుట్టుకొలతలో ఏకంగా అంగుళం తగ్గుతుంది. "కొంచెమే కదా" అని అర అంగుళం జరిపితే రెండు అంగుళాలు పోయి హుక్స్ పట్టవు.

చంక

ఎక్కువ ఫిర్యాదులు ఇక్కడే. వాటిలో బాగా తప్పుగా అర్థం చేసుకునేది చేయి ఎత్తితే బ్లౌజు మొత్తం పైకి లేవడం. చంక బిగుతై ఉంటుందనుకుని ఇంకా కిందికి తవ్వుతారు, దాంతో ఇంకా ఎక్కువ లేస్తుంది. అసలు కారణం చంక లోతు ఎక్కువ కావడం. చంక గుంట ఒంటికి ఎంత దూరంగా, ఎంత కిందికి ఉంటే చేయి ఎత్తినప్పుడు పక్క భాగాన్ని అంత లాక్కుపోతుంది. బ్లౌజు చంక, ఒంటి చంక మడతకి ఒక వేలి వెడల్పు కిందుంటే చాలు, అంటే అరా ముప్పావు అంగుళం.

కత్తిరించేసిన చంకను మళ్లీ పైకి తేవాలంటే భుజం కుట్టు నుంచి రావాలి. చేతిని భుజం దగ్గర ముందుకి మూడంగుళాలు, వెనక్కి మూడంగుళాలు విప్పండి. భుజం కుట్టును చేతి వైపు పావు అంగుళం లోతుగా మొదలుపెట్టి మెడ దగ్గరికి వచ్చేసరికి పాత కుట్టులో కలిపేయండి. చంక పావు అంగుళం పైకి వస్తుంది. చంక చుట్టుకొలత అర అంగుళం తగ్గుతుంది కాబట్టి చేతి పైభాగం ఆ మేరకు ఎక్కువవుతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు ఆ తేడాను అటూ ఇటూ సర్దాలి. అలా కుదరకపోతే చేతిని పూర్తిగా విప్పి, గుమ్మటం (చేతి పైభాగంలో ఉబ్బెత్తుగా ఉండే వంపు) పైన పావు అంగుళం తీసి ఎక్కించాలి.

చంక ముందు భాగంలో, ఛాతీకి పైన, వేళ్లకి దొరికే వదులు ముడత ఇంకో రకం. ముందు చంకను వెనక చంక అంతే వంపుతో కత్తిరించినప్పుడు ఇది వస్తుంది. మనిషి చేతులు ముందుకే కదులుతాయి కాబట్టి ముందు చంక వెనకదాని కన్నా అర అంగుళం ఎక్కువ లోపలికి వంపు తిరగాలి. చేయి విప్పి, చంక వంపు మధ్య నుంచి కింది మూల దాకా మాత్రమే పావు అంగుళం తీసి, కచ్చా కుట్టుతో చేయి పట్టించి వేసుకు చూడండి. చాలకపోతే ఇంకో పావు. చంక అడుగును మాత్రం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే చంక లోతై పైన చెప్పిన బాధ మొదలవుతుంది. వంపు సరిగానే ఉండి ముడత మిగిలితే దాన్ని చంక డాట్‌లోకి తీసుకోవాలి. డాట్ అంటే గుడ్డను మడిచి కొసకి సన్నబడేలా వేసే కుట్టు; వేళ్లతో పట్టినప్పుడు ఎంత గుడ్డ వచ్చిందో దాని వెడల్పు అంతే.

అదే చోట ముడత బిగిసి ఉండి, ఛాతీ మొన నుంచి చంక మూలకి గీతలా లాగుతుంటే డాట్ వేయకండి. అక్కడ గుడ్డ చాలలేదు. పక్క కుట్టు విప్పి, ముందు భాగం మార్జిన్ (కుట్టు బయట వదిలిన గుడ్డ) నుంచి మాత్రమే గుడ్డ వదలాలి, వెనక భాగం పాత గీత మీదే ఉండాలి. కత్తిరించేటప్పుడు పక్కల అంగుళం నుంచి అంగుళంన్నర మార్జిన్ వదలమనేది ఇందుకే. అయితే అంత మార్జిన్ చంక కింద ముద్దకట్టి గుచ్చుకుంటుంది. చంక దగ్గర దాన్ని అర అంగుళానికి తగ్గించి, వంపులో రెండు మూడు గాట్లు పెడితే చదునుగా పడుతుంది.

చేతులు

చేతి పైభాగాన్ని, చంకను కుట్టు పడే గీత వెంట టేపు అంచు నిలబెట్టి కొలవాలి. టేపును పడుకోబెట్టి కొలిస్తే వంపులో తప్పు వస్తుంది. చంక 16 అంగుళాలుంటే చేయి 16 నుంచి 16 అంగుళాలన్నర ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే భుజం మీద కుచ్చుల్లా పడుతుంది. తక్కువైతే మోచేతి వైపు నుంచి భుజానికి గుడ్డ లాగుతుంది.

కొలతలు కుదిరినా కుచ్చు వస్తోందంటే పొరల వరస చూడండి. మిషన్ పళ్లు కింది గుడ్డను ముందుకి తోస్తాయి, పాదం పై గుడ్డను ఆపుతుంది. అందువల్ల కింది పొర కొద్దిగా లోపలికి సర్దుకుంటుంది, పై పొర కొసలో మిగిలిపోతుంది. పొడవుగా ఉన్న పొర ఎప్పుడూ కింద ఉండాలి. చేయి కింద పెట్టి, చంక పైన పెట్టి కుడితే ఆ అర అంగుళం కనపడకుండా కలిసిపోతుంది. ఇదే కారణంగా పక్క కుట్టు వేసినప్పుడు కింది అంచులు కలవకుండా పావు అంగుళం తేడా వస్తుంది. మూడంగుళాలకి ఒక గుండుసూది పెడితే ఆ బాధ ఉండదు.

చేయి మెలి తిరిగినట్టుంటే ఎడమ చేయి కుడికి, కుడి చేయి ఎడమకి పడి ఉంటుంది. ముందు వైపు వంపు ఎక్కువుండే సగం వెనక్కి పోయిందన్నమాట. కత్తిరించగానే ముందు వైపు ఒక గాటు, వెనక వైపు రెండు గాట్లు పెట్టుకుంటే ఈ తప్పు జరగదు. రెండు చేతులూ ఒకే వైపువి కాకుండా ఉండాలంటే గుడ్డను మంచి వైపు లోపలికి మడిచి రెండూ కలిపే కత్తిరించాలి.

గద్వాల లాంటి చీరల్లో ఒళ్లు నూలు, అంచు పట్టు. తడిస్తే నూలు కుదించుకున్నంతగా పట్టు కుదించుకోదు, చేతి అంచు అలలు తేలుతుంది. అలాంటి ముక్కను కత్తిరించే ముందే నీళ్లు చిలకరించి, పైన పలచటి గుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి.

జారే భుజాలు, తెరుచుకునే మెడ

భుజం చేతి వైపు చివర వేళ్లతో పట్టి చూడండి. అక్కడ పట్టగానే బ్లౌజు కుదురుగా కూర్చుంటే, భుజాలు వాలుగా ఉన్నాయి, కత్తిరింపు ఆ వాలుకి సరిపోలేదు. మందు చంక లోతుకి చెప్పిన భుజం కుట్టే. ఈసారి మాత్రం చంక బిగుతైతే అడుగున అంతే తవ్వుకోవచ్చు.

అక్కడ పట్టినా జారుతుంటే మెడ వెడల్పు ఎక్కువ. కోసేసిన గుడ్డ తిరిగి రాదు. మిగిలిన దారులు రెండే. వెనక మెడకి తాళ్లు పెట్టడం, అవి భుజం నుంచి రెండంగుళాల లోపే ఉండాలి, కిందికి పోయేకొద్దీ పట్టు తగ్గుతుంది. రెండోది, భుజం లోపల రెండంగుళాల సన్న రిబ్బను ఒక కొస కుట్టి, రెండో కొసకి టిచ్ బటన్ పెట్టి లోదుస్తు పట్టీని పట్టించడం. కొత్తగా కత్తిరించేటప్పుడైతే, వెనక మెడ 8 అంగుళాలు దాటి దింపాలనుకున్నప్పుడు సగం మెడ వెడల్పు మూడంగుళాలు దాటనివ్వకండి. లోతు, వెడల్పు రెండూ కావాలంటే తాళ్లు తప్పవు.

ముందు మెడ గుండెకి ఆనకుండా తెరుచుకోవడానికి చాలాసార్లు కొలత కారణం కాదు. మెడ వంపు ఐమూల (పోగుకి ఏటవాలు) మీద పడుతుంది కాబట్టి చేతిలో పట్టుకుంటేనే సాగిపోతుంది. కత్తిరించిన వెంటనే, ఇంకేమీ చేయకముందే, అంచుకి మూడు మిల్లీమీటర్ల లోపల భుజం నుంచి మధ్యకి ఒక కుట్టు వేసేయాలి. ఇప్పటికే సాగి ఉంటే, అర అంగుళం లోపు తేడా అయితే పైపింగ్‌తో సర్దవచ్చు. పైపింగ్ పట్టీ సరిగ్గా ఐమూలగా, అంగుళం పావు వెడల్పుతో ఉండాలి. వంపు తిరిగే చోట మాత్రం దాన్ని కొద్దిగా లాగి పట్టుకుని కుట్టాలి, తిన్నగా ఉన్న చోట లాగకూడదు. తిప్పే ముందు వంపు పొడవునా గాట్లు పెట్టండి, కుట్టుకి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆపండి. గాట్లు లేని పైపింగ్ ఎంత ఇస్త్రీ చేసినా లేచే ఉంటుంది. పలక మెడలో మూల గాటు ఒక్క పోగు దూరం దాకా వెళ్లాలి, లేకపోతే మూల ముడుచుకుంటుంది.

డాట్లు, షేప్ బెల్టు

ఛాతీ దగ్గర మొనలా పొడుచుకొస్తే డాట్ మరీ దూరం పోయింది. డాట్ కొస ఛాతీ మొనకి ముప్పావు నుంచి అంగుళం ముందే ఆగాలి. కొసలో గుంట పడుతుంటే కుట్టు ఒక్కసారిగా ముగిసిందని అర్థం. చివరి అర అంగుళం మడత అంచుని ఆనుకునేంత వాలుగా కుట్టి, రివర్స్ కుట్టు వేయకుండా, రెండు దారాలూ వదిలి చేత్తో ముడేయాలి.

షేప్ బెల్టు ఛాతీ మీదికి ఎక్కుతుంటే బెల్టును బిగించడం వల్ల లాభం లేదు. ముందు భాగం పొడవు తక్కువైంది. మెడ పక్క భుజం నుంచి ఛాతీ మొన మీదుగా ఛాతీ కిందిదాకా ఒంటి మీద కొలిచి, ముందు భాగంలో అదే దారిలో కొలిచి పోల్చండి. బెల్టు విప్పితే మార్జిన్‌లో పావు అంగుళం దొరుకుతుంది, ఇంకా కావాలంటే వెడల్పు బెల్టు కొత్తగా వేయాలి.

హుక్స్ మధ్య సందు

హుక్స్‌ను పైనుంచి కిందికి సమానంగా పంచితే ఛాతీ ఎత్తుగా ఉన్న చోట హుక్ పడకుండా పోయి అక్కడే నోరు తెరుస్తుంది. మొదటి హుక్ ఛాతీ మొన వరసలో పెట్టి, మిగిలినవి దాని పైకీ కిందికీ పంచండి, మొత్తం ఐదో ఆరో చాలు. హుక్ అంచుకి మూడు మిల్లీమీటర్ల లోపల ఉండాలి. కాజా పట్టీ (హుక్స్ తగిలించే వైపు పట్టీ) హుక్స్ పట్టీ అడుగుకి కనీసం అర అంగుళం పోవాలి, కాజా సరిగ్గా మధ్య గీత మీద పడాలి.

గుడ్డ, మిషన్

ఉతికాక పైగుడ్డ బుడగల్లా లేస్తే లైనింగ్ కుదించుకుంది. కాటన్ లైనింగ్‌ను కత్తిరించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, పోగు వెంట ఇస్త్రీ చేయాలి. పైగుడ్డను జత చేసేటప్పుడు బరువు లైనింగ్ మోయాలి, పట్టు దానికన్నా వెంట్రుకవాసి వదులుగా ఉండాలి. పట్టు బిగుతుగా ఉంటే కుట్టు పక్కన పోగులు విడిపోతాయి, దాన్ని ఇక బాగుచేయలేం.

కుట్టు అడుగున దారం ఉచ్చులు కడితే అందరూ కింది దారం ఉండే బాబిన్‌ను తిప్పుతారు. తప్పు పై దారంలో ఉంటుంది: దారాన్ని బిగించే టెన్షన్ పళ్లాల మధ్య కూర్చోలేదు. పాదం పైకెత్తి దారం మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. బాబిన్ దారం పైకి చుక్కల్లా కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువ, కాస్త వదలండి. కుట్లు దాటేస్తుంటే సూది వంగింది, లేదా తప్పుగా కూర్చుంది. సూది పొడవాటి గాడి దారం ఎక్కించే వైపు ఉండాలి, చదును భాగం దానికి ఎదురుగా ఉండాలి. పలచని పట్టుకి 11 నంబరు, లైనింగ్ వేసిన కాటన్‌కి 14 నంబరు సూది, అంగుళానికి పది పన్నెండు కుట్లు. పట్టు మీద మైనం సుద్ద వాడకండి, ఇస్త్రీ పెట్టె తగిలితే నూనె మరకలా దిగిపోతుంది. గీతలన్నీ లైనింగ్ మీద గీసి, ముందు కచ్చా కుట్టు వేసి ఒంటి మీద చూసుకున్నాకే మిషన్ మీద పెట్టండి.