పంక్ బ్యాండ్‌లోంచి తప్పుకుంటున్నారా? ఇలా చేయండి

మానేయాలని మీలో మీరు తేల్చుకున్నాక ఆ మాట ముందు బ్యాండ్‌లో వాళ్లకే చెప్పాలి, అదీ ఎదురుగా కూర్చుని. వేరే బ్యాండ్ల వాళ్లకు, గిగ్‌లకు, అంటే మన షోలకు, వచ్చే స్నేహితులకు ముందే చెప్పేస్తే అది ఎలాగూ వీళ్ల చెవిన పడుతుంది, ఇక ఆ తర్వాత మీరెంత బాగా చెప్పినా ఎక్కదు. వేగంగా, గట్టిగా రాక్ వాయించే పంక్ బ్యాండ్ జీతానికి చేసే పని కాదు కదా. ముగ్గురో నలుగురో ఒకరినొకరు నమ్ముకుని, సొంత డబ్బులు పెట్టుకుని, ఆంప్‌లు (గిటార్ శబ్దం పెంచే పెట్టెలు) మోసుకుంటూ తిరిగే సావాసం అది. వెళ్లిపోయేటప్పుడు కూడా ఆ సావాసానికి తగ్గట్టే వెళ్లాలి, ఈ విషయంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఎప్పుడు చెప్పాలంటే, గిగ్‌కి ముందు వద్దు, గిగ్ అయిన రాత్రి అసలే వద్దు, ఆ ఊపులో ఎవరూ సరిగ్గా వినరు. మామూలు ప్రాక్టీస్ అయిపోయి, ఆంప్‌లు ఆపేసి, వైర్లు చుట్టుకుంటున్నప్పుడు చెప్పండి. సూటిగా చెప్పండి: "నేను బ్యాండ్ మానేస్తున్నాను, ఫలానా గిగ్ వరకూ ఉంటాను." కారణం ఒక్కటి చాలు, నిజమైనది. ఉద్యోగమైతే ఉద్యోగం, పిల్లలైతే పిల్లలు, వాయించాలన్న కోరిక పోయిందంటే అదే. ఇన్నేళ్ల ఫిర్యాదులన్నీ ఆ పూట బయటకు తీయకండి. కోపం ఒక్క మనిషి మీదే అయితే మాత్రం ముందు అతనితో విడిగా కూర్చుని మాట్లాడండి, ఒక్కోసారి మానేయాల్సిన అవసరమే ఉండదు.

"కొన్నాళ్లు బ్రేక్ తీసుకుంటాను" అని మాత్రం అనకండి, నిజంగా తిరిగొచ్చే ఉద్దేశం ఉంటే తప్ప. ఫుగాజీ అనే అమెరికన్ పంక్ బ్యాండ్ వాళ్లు 2002 దాకా వాయించి, ఆ తర్వాత విడిపోయామని ప్రకటించకుండా విరామం అన్నారు. అది వాళ్లకు సరిపోయింది, ఎందుకంటే నలుగురూ కలిసే ఆగారు. మీ ఒక్కరి బ్రేక్ కోసం మిగతా ముగ్గురూ కొత్త మనిషిని తీసుకోలేక, గిగ్‌లు ఒప్పుకోలేక నెలల తరబడి కూర్చుంటారు. అలా నాన్చడం కంటే ఒక్కసారి మనసు కష్టపెట్టడమే మేలు.

తర్వాత పని అప్పగింత. ఇది చాలామంది పట్టించుకోరు, చేయాల్సిన పనుల్లో నాకైతే ఇదే ముఖ్యం అనిపిస్తుంది. పాటలు రికార్డయ్యే ఉన్నాయి కదా, కొత్తవాళ్లు విని నేర్చుకుంటారులే అనుకుంటాం. కానీ రికార్డింగ్‌లో దొరకనివి బోలెడు ఉంటాయి. పాట మధ్యలో అందరూ ఒక్కసారిగా ఆగి, మళ్లీ కలిసి దిగే చోట మీరు డ్రమ్మర్ వైపు తిరిగి తల ఊపుతారు, ఆ ఊపు చూసే అతను స్టిక్ ఎత్తుతాడు. అది ఏ రికార్డింగ్‌లోనూ వినపడదు. ఏ పాటకు గిటార్ మందపాటి స్ట్రింగ్ శ్రుతి ఎంత దించుకుంటారు, ఏ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) మొత్తం చెయ్యి పై నుంచి కిందికే కొట్టాలి, గాయని ఊపిరి తీసుకోవడానికి ఎక్కడ ఒక బార్ (ఒక తాళం ఆవర్తం) ఎక్కువ వాయిస్తారు, ఇవన్నీ పాటపాటకూ రాసి ఇవ్వండి. ఆంప్ మీద నాబ్‌లు, గిటార్ శబ్దం మార్చే పెడల్స్ వరుస ఫోన్‌లో ఫోటో తీసి పంపండి. వీలైతే కొత్త మనిషితో ఒకటి రెండు ప్రాక్టీస్‌లు కూర్చోండి, అయితే గిటార్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి.

చివరి గిగ్ ఉండాలా వద్దా అన్నది మీరొక్కరే తేల్చేది కాదు. బ్రిటిష్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ 1978 జనవరి 14న శాన్ ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్‌లో వాయించాక కొద్ది రోజుల్లోనే చెల్లాచెదురయ్యారు, వీడ్కోలు అనే మాటే లేదు. అమెరికా బ్యాండ్ రామోన్స్ మాత్రం ఇరవై రెండేళ్లు వాయించి, 1996 ఆగస్టు 6న హాలీవుడ్‌లో ముందే చెప్పి ఆఖరి షో చేశారు. బ్యాండ్ మీరు లేకుండా కొనసాగుతున్నట్టయితే ఆ గిగ్‌ని మీ సన్మాన సభగా మార్చకండి, పోస్టర్ మీద మీ పేరు పెద్దగా వేయించుకోకండి. సెట్‌లిస్ట్‌లో, అంటే ఆ రోజు వాయించే పాటల వరుసలో, మీకిష్టమైన పాట ఒక్కటి అడగండి, మిగతాది వాళ్లకు వదిలేయండి. అది ఎప్పుడూ గిగ్‌లలో వాయించని పాటైనా పర్లేదు, రెండు నిమిషాల పాటే కదా, నేర్చుకుంటారు. మైక్‌లో మాట్లాడితే అర నిమిషం చాలు. ఎవరినైనా వీడియో తీయమనండి, మీ చేతులు కనబడేలా.

ఇక డబ్బు, హక్కులు. స్నేహం ఉండగానే తేల్చుకోవాల్సినవి ఇవి. డెడ్ కెనెడీస్ అనే అమెరికన్ పంక్ బ్యాండ్ వాళ్లు 1986లో విడిపోయారు, 1990ల చివర్లో రాయల్టీల గొడవతో గాయకుడూ మిగతా ముగ్గురూ కోర్టుకెక్కారు, 2000లో జ్యూరీ ఆయనకు వ్యతిరేకంగా తేల్చింది. డబ్బు చిన్నదైనా పెద్దదైనా గొడవ రూపం ఇలాగే ఉంటుంది, కాబట్టి కాగితం మీద పెట్టుకోండి. పాట రాసినవాళ్ల హక్కు వేరు, ఆ రికార్డింగ్ మీద హక్కు వేరు, రెండూ విడివిడిగా రాయాలి. ఏ పాట ఎవరు కట్టారు, ఎవరి వాటా ఎంత, బ్యాండ్ పేరు ఎవరిది, అమ్ముడుపోని టీషర్టుల మీద పెట్టిన డబ్బు ఎవరిది, అందరూ సంతకాలు చేసి తలా ఒక కాపీ ఉంచుకోండి. పాస్‌వర్డ్‌లన్నీ అప్పగించండి. పాటల్ని స్ట్రీమింగ్‌లో పెట్టే సర్వీస్‌కి ఏడాది చందా మీ కార్డు మీద నడుస్తుంటే దాన్ని మార్చండి, కొన్ని సర్వీసుల్లో చందా ఆగితే పాటలు కూడా మాయమవుతాయి. ఒరిజినల్ రికార్డింగ్ ఫైళ్లు, వాద్యాలవారీగా విడివిడి ట్రాకులతో సహా, కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి.

బ్యాండ్ మొత్తంగా ఆగిపోతుంటే, ఖాతాలో మిగిలిన డబ్బు పంచుకునే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి. వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండ్ 1980లో ఆగిపోయినప్పుడు గిగ్‌ల మీద దాచిన సుమారు 600 డాలర్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. పంచుకోకుండా, అప్పటికే రికార్డ్ చేసి ఉంచుకున్న పాటలతో ఒక చిన్న రికార్డు వేశారు. డిస్కార్డ్ అనే రికార్డు కంపెనీ అలా మొదలైంది. తలా కొంత పంచుకుంటే అది వారంలో ఖర్చైపోతుంది, పాటలు బయటకు వస్తే వినేవాళ్లుంటారు.

చెవులు పరీక్ష చేయించుకోండి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు దాటకూడదని, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం చేయాలని అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన గంటల తరబడి నిలబడ్డవాళ్లం మనం. చెవిలో హోరు తగ్గకుండా ఉంటే డాక్టర్‌కి చూపించడం వాయిదా వేయకండి.

మొదటి కొన్ని వారాలు ప్రాక్టీస్ వేళకు ఏం తోచదు, ఇది ముందే తెలిసి ఉండటం మంచిది. ఆ సాయంత్రానికి ఏదో ఒక పని పెట్టుకోండి. గిటార్ వెంటనే అమ్మేయకండి, కనీసం ఒక ఏడాది ఆగండి. మానేసింది బ్యాండ్‌లో వాయించడం, చేతులు ఆ సంగతి ఒప్పుకోవడానికి సమయం పడుతుంది. ఆపరేషన్ ఐవీ అనే బ్యాండ్ 1989లో ఆగిపోయాక అందులోని ఇద్దరు 1991లో రాన్సిడ్ అనే కొత్త బ్యాండ్ పెట్టారు, మీకూ రేపు ఎలా అనిపిస్తుందో ఇవాళే తేల్చేయకండి.

మీ స్థానంలో వచ్చిన మనిషి వాయించే మొదటి గిగ్‌కి మాత్రం వెళ్లకండి, గుంపులో మీరు కనబడితే అతనికి చెయ్యాడదు. మూడోదానికో నాలుగోదానికో టికెట్ కొనుక్కుని వెళ్లండి, అయిపోయాక ఆంప్‌లు మోయడానికి ఒక చెయ్యి వేయండి. పాట ఎలా వాయించాలో అడిగితేనే చెప్పండి.