కొత్త పిస్టల్ కొనడం, దానికి సరిపోయే హోల్‌స్టర్ (నడుముకు తగిలించుకునే ఒర) వెతకడం ఎలా?

లైసెన్సు కోసం నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరుగుతాం. ఏ పిస్టల్ కొనాలా అని వారాల తరబడి తర్జనభర్జన పడతాం. తీరా హోల్‌స్టర్ దగ్గరికి వచ్చేసరికి దుకాణంలో మేకుకు వేలాడుతున్న నల్ల నైలాన్ సంచిని పట్టుకుని ఇంటికి వచ్చేస్తాం. నేనూ అదే చేశాను. మూడో రోజు కారు దిగుతుంటే పిస్టల్ జారి సీటు కింద పడింది. అందులో తూటాలు లేవు కాబట్టి సరిపోయింది. అందుకే ఇక్కడ పిస్టల్ గురించి కొంత, ఒర గురించి ఎక్కువ చెబుతాను.

1. ముందు లైసెన్సు

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధ నియమాల ప్రకారమే తుపాకీ కొనాలి. 21 ఏళ్లు నిండి ఉండాలి. దరఖాస్తును జిల్లాల్లో కలెక్టరుకు, హైదరాబాద్, విశాఖ వంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్‌కు ఇవ్వాలి. పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రం, ఆయుధాన్ని సురక్షితంగా వాడే శిక్షణ ధ్రువపత్రం తప్పవు. 2019 సవరణ తర్వాత సాధారణంగా ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. ఎవరో తక్కువ ధరకు, కాగితాలు లేకుండా ఇస్తామన్నారంటే అది బేరం కాదు, జైలుకు దారి.

2. తూటాను బట్టి పిస్టల్

సినిమాల్లో కనిపించే 9 ఎంఎం పిస్టల్ మామూలు పౌరులకు దొరకదు. అది నిషిద్ధ బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు). ఆత్మరక్షణకు ఎక్కువమంది కొనేది .32 బోరు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే 'అశని' పిస్టల్ ఈ కోవలోదే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. రివాల్వర్ తూటానూ .32 అనే అంటారు, పిస్టల్ తూటానూ .32 అనే అంటారు. రెండూ ఒకటి కావు. రివాల్వర్‌ది పొడుగు, పిస్టల్‌ది పొట్టి. తూటాలు కొనేటప్పుడు "పాయింట్ త్రీ టూ" అని ఊరుకోకుండా, పిస్టల్‌కు అని స్పష్టంగా చెప్పండి. ఎన్ని కొనవచ్చో మీ లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది.

3. దుకాణంలో

చేతికి ఇవ్వగానే మ్యాగజైన్ (పిడిలో ఉండే తూటాల డబ్బీ) తీసేయండి. ఆ తర్వాతే స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే లోహపు భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే గదిలోకి) చూడండి. ఈ వరస మారకూడదు. స్లయిడ్ ముందు లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, మ్యాగజైన్‌లో తూటాలుంటే ఒకటి లోపలికి ఎక్కి కూర్చుంటుంది. పిస్టల్ ఖాళీ అయిపోయిందని మనం అనుకుంటూనే ఉంటాం. ప్రమాదాలు జరిగేది ఇలాగే.

తర్వాత పిడి అరచేతిలో నిండుగా ఉందా, చూపుడువేలు ట్రిగ్గర్‌ను హాయిగా అందుకుంటోందా, సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) బొటనవేలికి కదులుతోందా చూసుకోండి. పిస్టల్ మీద చెక్కిన నంబరు, బిల్లు మీద నంబరు, లైసెన్సులో ఎక్కించిన నంబరు మూడూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇప్పుడు పది నిమిషాలు ఎక్కువైనా పరవాలేదు, తేడా వస్తే తర్వాత నెలలు పడుతుంది.

4. హోల్‌స్టర్

బహిరంగ ప్రదేశంలో పిస్టల్‌ను హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో పెట్టుకుని, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉంచుకోవాలని 2016 నియమాలే చెబుతున్నాయి. కాబట్టి దీన్ని అలంకారంగా చూడకండి. నడుము వెనక ప్యాంటులో దోపుకోవడం సినిమా హీరోలకు మాత్రమే చెల్లుతుంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. ఆన్‌లైన్‌లో కనిపించే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) ఒరలు చాలావరకు గ్లాక్, బెరెట్టా వంటి విదేశీ పిస్టళ్ల కోసం అచ్చు పోసినవి. గ్లాక్ 19కి చేసిన దానిలో అశని కూర్చోదు. 'అన్ని పిస్టళ్లకూ సరిపోతుంది' అని రాసి ఉన్నది ఏ పిస్టల్‌కూ సరిగ్గా సరిపోదు. మీ మోడల్ పేరుతోనే దొరికితే తీసుకోండి. లేకపోతే తోలుపని తెలిసినవారితో కుట్టించుకోవడమే మేలు.

కుట్టించేటప్పుడు పిస్టల్‌ను వారి దగ్గర వదిలి రాకండి. లైసెన్సు లేని మనిషి చేతిలో మీ తుపాకీ ఉండటం నేరం. పొడవు, ఎత్తు, మందం కొలిచి, పిస్టల్ చుట్టూ గీత గీసి, అట్టముక్కలు అదే మందానికి అంటించి ఇవ్వండి. కుట్టిన ఒర ఇంటికి వచ్చాక తోలును కాస్త తడిపి, ఖాళీ పిస్టల్‌ను పాలిథిన్ కవరులో చుట్టి లోపలికి నొక్కి, ఒక రోజు ఉంచితే తోలు దాని ఆకారం పట్టుకుంటుంది.

ఏ ఒరనైనా ఇలా పరీక్షించండి. ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే చట్రం) పూర్తిగా మూసుకుపోవాలి, పక్కనుంచి వేలు దూరకూడదు. ఖాళీ పిస్టల్ పెట్టి మంచం మీద తలకిందులుగా ఊపితే జారిపడకూడదు. పిస్టల్ తీశాక ఒర మూతి ముడుచుకుపోకూడదు. పాతబడి మెత్తబడిన తోలు లోపలికి మడత పడి, పిస్టల్ పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌ను నొక్కేయగలదు. అలాంటి ఒరను మొహమాటం లేకుండా పారేయండి. ఇక బెల్టు. ఒరకున్న పట్టీ సందు వెడల్పు, బెల్టు వెడల్పు ఒకటే కావాలి. పలచని బెల్టుకు తగిలిస్తే ఎంత మంచి ఒరైనా వేలాడుతూ ఊగుతుంది.

5. ఇంట్లో

వారం రోజులు ఖాళీ పిస్టల్‌తో, తూటాలు ఇంకో గదిలో పెట్టి, కూర్చుని లేచి, వంగి చూడండి. తీయడం కన్నా తిరిగి పెట్టడం ఎక్కువ సాధన చేయండి. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, కళ్లు ఒర మీద, తొందర లేకుండా. ఎన్నికలప్పుడు ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించమంటారు. అప్పుడు ఇచ్చిన రసీదును లైసెన్సుతో పాటే దాచండి.

రాత్రి పిస్టల్‌ను తోలు ఒరలోనే వదిలేయకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో వానాకాలం గడిచేసరికి స్లయిడ్ మీద తుప్పు మచ్చలు కనిపిస్తాయి. పలచగా నూనె రాసి పిస్టల్‌ను తాళం ఉన్న బీరువాలో, తూటాలను వేరే తాళంలో పెట్టి, ఒరను గాలి తగిలేలా బయట వేలాడదీయండి.