లండన్ హీత్రూ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్: టికెట్ కొనే ముందు ఇవి చూసుకోండి

దూరం దాదాపు 650 కిలోమీటర్లే, గాల్లో ఉండేది గంటా పావు లోపే. అయినా రోజులో సగం పోతుంది, అందుకే ఈ జాగ్రత్తలు.

– టికెట్ మీద 9:00కి బయల్దేరి 11:40కి దిగుతుందని ఉంటే రెండు గంటల నలభై నిమిషాలనుకోకండి. జర్మనీ గడియారం గంట ముందుంటుంది కాబట్టి అసలు ప్రయాణం గంటా నలభై నిమిషాలే, అందులోనూ రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లే సమయం కలిసే ఉంటుంది. మార్చిలో, అక్టోబరులో రెండు దేశాలూ ఒకేసారి గడియారం మారుస్తాయి, తేడా మారదు.

– ఎయిర్‌పోర్ట్ పేరు పూర్తిగా చదవండి. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఉంటే అది ఊరికి 120 కిలోమీటర్ల దూరం! చవక టికెట్ చూసి మురిసిపోతే మిగిలిందంతా బస్సుకే పోతుంది. అసలు ఎయిర్‌పోర్ట్ నుంచైతే ఎస్8, ఎస్9 రైళ్లలో పావుగంటలో ఊళ్లో ఉంటారు.

– బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి, భారత పాస్‌పోర్ట్ మీద బ్రిటన్ వీసా ఒక్కటే ఉంటే జర్మనీలోకి రానివ్వరు, షెంజెన్ వీసా (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లేది) వేరే తీసుకోవాలి.

– దిగాక వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు, 2025 అక్టోబరులో మొదలైన పద్ధతి ఇది. క్యూ పెద్దగా ఉండొచ్చు, వెంటనే రైలు బుక్ చేసి టెన్షన్ పడకండి.

– అమ్మ పంపిన నెయ్యి, చికెన్ పచ్చడి సూట్‌కేసులో పెట్టినా సరే కుదరదు, బ్రిటన్ నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు.