చంద్రుడి మట్టి నుంచి ఆక్సిజన్: మొదటి ప్రాజెక్టు ఎలా చేయాలి?

అంగారకుడి మీద ఊరు కట్టడం వంటి అంశం తీసుకుంటే బీటెక్ ప్రాజెక్టు తెమలదు. ఒక ఖనిజం, ఒక చర్య పట్టుకోండి. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఇల్మనైట్ అనే ఖనిజం మంచి ఎంపిక. చంద్రుడి మీద నల్లగా కనిపించే మైదానాల్లో ఉంది, మన భీమిలి తీరపు ఇసుకలోనూ ఉంది. దీనికి ఏరోస్పేసే చదవాలనేం లేదు. మెటలర్జీ, కెమికల్, మైనింగ్, జియాలజీ వాళ్లకే పని ఎక్కువ.

1. ముందు లెక్క. ఇల్మనైట్‌ను 900–1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర హైడ్రోజన్‌తో కలిపితే ఇనుము, టైటానియం డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. నీటిని కరెంటుతో విడగొడితే ఆక్సిజన్ చేతికొస్తుంది, హైడ్రోజన్ తిరిగి కొలిమికి పోతుంది. కిలో ఇల్మనైట్‌కు 105 గ్రాముల ఆక్సిజన్ మించదు. మట్టిలో ఇల్మనైట్ పదో వంతే అనుకుందాం. మనిషికి రోజుకు సుమారు 840 గ్రాములు కావాలి కాబట్టి, ఒక్కరి ఊపిరికే రోజూ 80 కిలోల మట్టి కాల్చాలి!

2. నమూనా. బీచ్‌కెళ్లి ఇసుక తవ్వుకు రావద్దు. అందులో రేడియోధార్మిక థోరియం ఉన్న మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది, అనుమతి కూడా కావాలి. శుద్ధి చేసిన ఇల్మనైట్‌ను డిపార్ట్‌మెంట్ ద్వారా తెప్పించుకోండి. జల్లించేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

3. ప్రయోగం. 10 గ్రాములు తూచి, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మళ్లీ తూచండి. ట్యూబ్ ఫర్నేస్‌లో (గొట్టం ఆకారపు కొలిమిలో) పెట్టాక, దేనితోనూ చర్య జరపని ఆర్గాన్ వాయువుతో గాలినంతా తరిమేసి, ఆ తర్వాతే హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్ వదలండి. గాలి మిగిలితే పేలుడు ప్రమాదం. గైడ్ పక్కన లేకుండా ఈ పని వద్దు.

చర్య అయ్యాక మళ్లీ తూస్తే, బరువు 1.05 గ్రాములకు మించి తగ్గిందా? సంబరపడకండి. తీరపు ఇల్మనైట్ గాలికీ నీటికీ మార్పు చెంది, అందులో ఫెర్రిక్ ఇనుము, అంటే ఆక్సిజన్ ఎక్కువ పట్టిన ఇనుము, చేరుతుంది. దాని ఆక్సిజన్ కూడా మీ లెక్కలో పడుతుంది. చంద్రుడి ఇల్మనైట్‌లో అది దాదాపు ఉండదు. గింజలు అతుక్కుని ముద్దయితే గ్యాస్ లోపలికి పోదు, చర్య మధ్యలోనే ఆగుతుంది. వేడి 50 డిగ్రీలు తగ్గించి చూడండి.

4. చోటు. అందరూ దిగాలనుకుంటున్న దక్షిణ ధ్రువం ఎత్తైన నేల, అక్కడ ఎక్కువగా ఉండేది అనార్థొసైట్ అనే లేత రంగు రాయి. అక్కడ ఇల్మనైట్ తక్కువ. చంద్రయాన్-2 పరీక్షలకు ఇస్రో తమిళనాడులోని సిత్తంపూండి అనార్థొసైట్ రాయిని పొడి చేయించింది అందుకే. ధ్రువానికైతే మంచు గురించో, మట్టిని కరిగించి కరెంటు పంపే పద్ధతి గురించో ఆలోచించాలి. చంద్రయాన్ డేటా ఇస్రో ‘ప్రదాన్’ పోర్టల్‌లో దొరుకుతుంది.

5. తర్వాత. అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ)లో గ్రహ శాస్త్ర పరిశోధన ఉంది. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో అంతరిక్ష వనరుల మీదే మాస్టర్స్, పీహెచ్‌డీ ఉన్నాయి. ప్రొఫెసర్‌కు రాసేటప్పుడు రెజ్యూమె కన్నా ముందు ఆ బరువుల పట్టిక, లెక్క ఎక్కడ తప్పిందో రెండు వాక్యాలు పెట్టండి.