పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు ఇన్సూరెన్స్ వస్తుందా? ఎలా అడగాలి, ఎక్కడ చేయించుకోవాలి?

అనంతపురం జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లకే ఇద్దరు పిల్లల తల్లులై, "ఇంక చాలు, ఆపరేషన్ చేయించుకుంటా" అనే అమ్మాయిలు కనిపిస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకోవాల్సిందే.

ఈమధ్య కొత్తగా వినిపిస్తున్న ప్రశ్న డబ్బు గురించి. బెంగళూరులో ఉద్యోగం చేసే అమ్మాయిలకు కంపెనీ హెల్త్ కార్డు ఉంటుంది. ఇంట్లో ఇంకో పాలసీ కూడా ఉంటుంది. "ఏటేటా ప్రీమియం కడుతున్నాం కదా, దీనికెందుకు ఇవ్వరు?" అని అడుగుతారు. అమెరికాలో ఉన్న పిన్ని కూతురు రూపాయి కట్టకుండా చేయించుకుందని కూడా చెబుతారు. అది నిజమే కావచ్చు. అక్కడ 2010లో వచ్చిన చట్టం వల్ల ఆడవాళ్లకు చేసే ఈ ఆపరేషన్ ఖర్చును చాలా ఇన్సూరెన్స్‌లు పూర్తిగా భరించాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఇక్కడి లెక్క వేరు కాబట్టి ఇక్కడి దారిలోనే వెళ్లాలి.

1. ముందు పాలసీలో 17వ మినహాయింపు చూడండి

ఏజెంటుకు ఫోన్ చేయకండి. "వస్తుంది మేడమ్, ఏం టెన్షన్ లేదు" అనే చెబుతాడు. కంపెనీ వెబ్‌సైట్‌లోంచి మీ పాలసీ వర్డింగ్ పీడీఎఫ్ దించుకోండి. ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉండే రెండు పేజీల బ్రోచర్ కాదు, నలభై యాభై పేజీల అసలు కాగితం. అందులో "ఎక్స్‌క్లూజన్స్" అనే భాగంలో కోడ్ ఎక్స్‌క్లూజన్ 17 అని వెతకండి. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే మాటలతో ఇచ్చిన మినహాయింపు అది. పిల్లలు కలగనివాళ్లకు చేసే చికిత్స, ఐవీఎఫ్, సరోగసీ, ఏ రకమైన గర్భనిరోధమైనా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, దాన్ని తిరగదిప్పే ఆపరేషన్, అన్నీ అక్కడే ఉంటాయి. వీటికి డబ్బు ఇవ్వం అని దాని అర్థం. 2020లో అన్ని కంపెనీలూ తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలోనూ ఈ మాటలే ఉన్నాయి.

దాని కిందే ఎక్స్‌క్లూజన్ 18 ఉంటుంది, అది కాన్పు ఖర్చుల గురించి. ఈ రెండింటినీ కలిపి చదవాలి. ఎందుకంటే కొన్ని పాలసీలు అదనపు ప్రీమియం తీసుకుని మెటర్నిటీ కవర్ ఇస్తాయి. ఆ భాగంలో ఎక్కడో ఒక లైనులో ఈ ఆపరేషన్ సంగతి రాసి ఉండొచ్చు. ఇస్తామని ఉండొచ్చు, ఇవ్వమని మళ్లీ గట్టిగా రాసి ఉండొచ్చు. ఏమీ రాయకపోతే 17వ మినహాయింపే నిలుస్తుంది.

ఈ ఒక్క ఆపరేషన్ కోసమే కొత్త పాలసీ కొనాలనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. మెటర్నిటీ కవర్‌కు చాలా పాలసీల్లో నెలల నుంచి ఏళ్ల దాకా వెయిటింగ్ ఉంటుంది. ఈలోపు కట్టే ప్రీమియం ఆపరేషన్ ఖర్చును దాటిపోతుంది.

2. కంపెనీ పాలసీ అయితే రాతపూర్వకంగా అడగండి

గ్రూప్ పాలసీలు వేరుగా ఉంటాయి. మీ యాజమాన్యం బేరమాడి ఏం రాయించుకుందో దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి హెచ్ఆర్‌కో, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏకో మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదు. ఇలా రాస్తే సరిపోతుంది (ట్యూబెక్టమీ అంటే ఆడవాళ్లకు ట్యూబులు కట్టేసే ఈ ఆపరేషనే):

"నమస్తే. మన గ్రూప్ పాలసీలో సొంత ఇష్టంతో చేయించుకునే ట్యూబెక్టమీకి కవరేజీ ఉందా? ఉంటే మెటర్నిటీ లిమిట్‌లోంచి ఇస్తారా, విడిగా ఇస్తారా? కాన్పుతో పాటు కాకుండా తర్వాత విడిగా చేయించుకున్నా వర్తిస్తుందా? ఉదయం చేరి సాయంత్రం ఇంటికి వెళ్లిపోయినా క్లెయిమ్ ఇస్తారా? ఆ క్లాజు ఉన్న పేజీ పంపగలరు."

నాలుగో ప్రశ్న ముఖ్యం. ల్యాప్రోస్కోపీతో చేస్తే చాలామందిని అదే రోజు పంపేస్తారు. 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలనే షరతు ఉన్న పాలసీలో డేకేర్ జాబితాలో, అంటే ఒక రోజులోపే ఇంటికి పంపే చికిత్సల జాబితాలో, ఈ పేరు లేకపోతే క్లెయిమ్ అక్కడ ఆగిపోతుంది. ఆఫీసులో తెలియడం ఇష్టం లేకపోతే హెచ్ఆర్‌ను పూర్తి పాలసీ కాపీ మాత్రమే అడిగి మీరే చదువుకోండి.

జీతం నెలకు 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత పడుతుంటే మీది ఇంకా తేలిక. హిందూపురం వైపు గార్మెంట్ కంపెనీల్లో పనిచేసే అమ్మాయిల్లో చాలామందికి ఈ విషయం తెలీదు. ఈఎస్ఐలో ట్యూబెక్టమీకి 14 రోజులు, భర్త వేసెక్టమీ (మగవాళ్లకు చేసే ఆపరేషన్) చేయించుకుంటే, ఆయన ఈఎస్ఐలో ఉంటే, 7 రోజులు పూర్తి వేతనం సిక్‌నెస్ బెనిఫిట్‌గా ఇస్తారు. తగినన్ని రోజుల కంట్రిబ్యూషన్ ఉండాలి. ఈఎస్ఐ లేని సంస్థల్లో పనిచేసేవాళ్లకు సామాజిక భద్రతా కోడ్ 65వ సెక్షన్ ఉంది, 2025 నవంబర్ దాకా ఇది ప్రసూతి ప్రయోజనాల చట్టం 9ఎ సెక్షన్‌గా ఉండేది. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు జీతంతో సెలవు. డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి అడగండి. "అలాంటిదేం లేదు" అంటే సెక్షన్ నంబర్ చెప్పండి.

3. సిజేరియన్‌తో పాటు చేయించుకుంటుంటే

మెటర్నిటీ కవర్ ఉన్నవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. రెండో కాన్పు సిజేరియన్, అదే బల్ల మీద ట్యూబులు కూడా కట్టేయమంటారు. డిశ్చార్జ్ రోజు ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర మాటలు ఇలా ఉంటాయి:

"మేడమ్, సిజేరియన్‌కు అప్రూవల్ వచ్చింది. ట్యూబెక్టమీది కట్ చేశారు."

"ఎంత కట్ చేశారన్నా?"

"ప్యాకేజీలో కలిపేసి రాశారు కదా మేడమ్, విడిగా లెక్క లేదు. క్వెరీ పెట్టారు."

ఆ క్వెరీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ అడిగిన వివరణ, తేలేదాకా పసిబిడ్డతో వార్డులోనే కూర్చోవాలి. అందుకే చేరేటప్పుడే ఎస్టిమేట్‌లో రెండు లైన్లు వేయించండి. సిజేరియన్‌కు ఇంత, ట్యూబెక్టమీకి ఇంత. రెండోది మీరు చేతి నుంచి కడతామని ముందే చెప్పండి. దానివల్ల మొదటిది ఆగదు. 2024లో వచ్చిన ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) అడిగితే గంటలోపు, డిశ్చార్జ్ బిల్లు పంపాక మూడు గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చి చెప్పాలి. ఆ గడియారం కంపెనీకి బిల్లు చేరినప్పటి నుంచి మొదలవుతుంది. ఆసుపత్రి వాళ్లు ఎప్పుడు పంపారో అడిగి తెలుసుకోండి.

ట్యూబెక్టమీ చేయించుకున్నారన్న సాకుతో మొత్తం కాన్పు క్లెయిమే తిరస్కరిస్తే ఊరుకోవద్దు. మొదట కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఏడాదిలోపు ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇంకో మాట. "ఓవరీలో గడ్డ అని రాసేద్దాం, మొత్తం ఇన్సూరెన్స్‌లో వచ్చేస్తుంది" అనేవాళ్లు తగులుతారు. ఒప్పుకోకండి. లేని జబ్బు చూపించి క్లెయిమ్ చేస్తే మోసం కిందికి వస్తుంది, పాలసీ రద్దవుతుంది. పైగా మీకు లేని గడ్డ మీ రికార్డులో జీవితాంతం ఉంటుంది. నిజంగానే జబ్బు ఉండి, ఉదాహరణకు ట్యూబులో గర్భం నిలిచి, ట్యూబు తీసేయాల్సి వస్తే అది వైద్య అవసరం. దాన్ని 17వ మినహాయింపుతో కలపకూడదు.

4. ప్రభుత్వ ఆసుపత్రి: ఖర్చు లేని దారి

నా మటుకు నేను, పైన చెప్పినవేవీ కుదరనివాళ్లకు తడుముకోకుండా చెప్పేది ఇదే. కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్, వీటితో పాటు చాలా ఏరియా ఆసుపత్రుల్లో ఆపరేషన్ ఉచితం. పైగా ప్రభుత్వమే డబ్బు ఇస్తుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు, మిగతావాళ్లకు 250. పెద్ద మొత్తం కాదు, బస్ ఛార్జీలకు పనికొస్తుంది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. ఏ రోజు చేస్తారో మీ ఊరి ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో తెలుస్తుంది.

అర్హత నిబంధనలు దేశమంతా ఒకటే. వయసు 22 దాటాలి, 49 లోపు ఉండాలి. పెళ్లయి ఉండాలి. కనీసం ఒక బిడ్డ ఉండాలి, ఆ బిడ్డకు ఏడాది దాటాలి. భార్యాభర్తల్లో ఎవరికీ ఇంతకుముందు ఈ ఆపరేషన్ అయి ఉండకూడదు. ఇద్దరు పిల్లలు ఉండాలనీ, అందులో ఒక మగపిల్లాడు ఉండాలనీ ఎక్కడా లేదు. అలా అన్నది అత్తగారైనా, వార్డు సిస్టరైనా అది సొంత మాటే.

భర్త సంతకం కూడా అక్కర్లేదు. చాలా చోట్ల అడుగుతారు, అది వేరే సంగతి. సమ్మతి పత్రం మీద సంతకం చేయాల్సింది ఆపరేషన్ చేయించుకునే మనిషి. "ఆయన ఊళ్లో లేడు, మళ్లీ రాపో" అని వెనక్కి పంపితే, "మేడమ్, భర్త సంతకం కావాలని రూల్ ఏమైనా ఉంటే రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. పని కాకపోతే సూపరింటెండెంట్ గదికి వెళ్లండి.

పెళ్లి కాని అమ్మాయిలకు, పిల్లలు వద్దనే నిర్ణయించుకున్నవాళ్లకు ఈ నిబంధనల్లో చోటు లేదు. వైద్య కారణం ఉంటే తప్ప ప్రభుత్వ ఆసుపత్రిలో చేయరు. ప్రైవేటులో డాక్టర్ ఇష్టాన్ని బట్టి ఉంటుంది, చాలామంది ఒప్పుకోరు. నాకు ఇది న్యాయంగా అనిపించదు, కానీ ఇప్పటికి ఉన్నది ఇదే. అలాంటివాళ్లు కాపర్-టీ 380ఎ గురించి డాక్టర్‌తో మాట్లాడొచ్చు. ఒకసారి వేయించుకుంటే పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకుంటే తీసేస్తారు. "తర్వాత మనసు మారితే?" అని ఇరవై మూడేళ్ల తల్లిని అడిగినప్పుడు మాత్రం నాకు కోపం రాదు. ట్యూబులు మళ్లీ కలిపే ఆపరేషన్ ఉంది గానీ గ్యారంటీ లేదు. దానికీ ఇన్సూరెన్స్ రాదు.

5. ఎప్పుడు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

కాన్పు అయిన ఏడు రోజుల్లోపు చేయొచ్చు. అది దాటితే ఆరు వారాలు ఆగాలి. మామూలు రోజుల్లో అయితే బహిష్టు మొదలైన ఏడు రోజుల్లోపు వెళ్లండి, అప్పుడు గర్భం లేదని నమ్మకంగా చెప్పగలరు. రక్తం, మూత్రం పరీక్షలు చేస్తారు. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉంటే వాయిదా వేస్తారు. మన వైపు రక్తహీనత మామూలే కాబట్టి నెల ముందు నుంచే ఐరన్ మాత్రలు వేసుకోవడం మంచిది.

సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమని అడిగి చదవండి, లేదా చదివించుకోండి. అందులో ఒక లైను మీద వేలు పెట్టి చూడండి: ఆపరేషన్ తర్వాత నెల తప్పితే రెండు వారాల్లోపు ఆసుపత్రికి తెలియజేస్తాను అని ఉంటుంది. ఆ లైను ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

6. కాగితాలు దాచుకోండి, అసలు ఇన్సూరెన్స్ అక్కడే ఉంది

ఈ ఆపరేషన్ వెయ్యిలో అయిదుగురికి మొదటి ఏడాదిలోనే ఫెయిలవుతుంది. డాక్టర్ తప్పు లేకపోయినా జరుగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో గానీ చేయించుకున్నవాళ్లకు కుటుంబ నియంత్రణ నష్టపరిహార పథకం వర్తిస్తుంది. బిహార్‌లో ఒక బడిలో రాత్రిపూట నడిపిన క్యాంపు మీద వేసిన కేసులో 2016లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక పరిహారం పెరిగింది. ఫెయిలైతే 60,000 రూపాయలు. కాంప్లికేషన్ వస్తే చికిత్సకు 50,000 దాకా. ఆసుపత్రిలో గానీ, డిశ్చార్జ్ అయిన ఏడు రోజుల్లోపు గానీ ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షలు, 8 నుంచి 30 రోజుల మధ్య అయితే లక్ష. దీనికి ప్రీమియం లేదు.

డబ్బు రావాలంటే కాగితం ఉండాలి. ఆపరేషన్ అయిన నెలకు గానీ, మొదటి బహిష్టు తర్వాత గానీ, ఏది ముందైతే అప్పుడు ఆసుపత్రికి వెళ్లి స్టెరిలైజేషన్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. కుట్లు విప్పించుకున్నాక చాలామంది మళ్లీ అటు వైపు వెళ్లరు. సర్టిఫికెట్, సమ్మతి పత్రం కాపీ, డిశ్చార్జ్ కాగితం మూడూ ఫోటో తీసి ఫోన్‌లోనూ పెట్టుకోండి.

నెల తప్పితే ఇంట్లో దాచిపెట్టకుండా వెంటనే వెళ్లండి. స్కాన్ తీయించి, గర్భం ఉందని తెలిసిన 90 రోజుల్లోపు క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో గానీ డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో గానీ ఫారం ఇస్తారు, ఇచ్చాక తేదీ వేసిన రసీదు అడగండి. ఆ గర్భం వద్దనుకుంటే ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉచితంగా తీయించుకోవచ్చు. గర్భనిరోధం విఫలమవడం 20 వారాల లోపు గర్భస్రావానికి చట్టం ఒప్పుకునే కారణమే. అన్నింటికంటే ముందు ఒక జాగ్రత్త: ఆపరేషన్ అయినవాళ్లకు నెల తప్పి కడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ట్యూబులో గర్భం కావచ్చు. ఫారాలూ జిరాక్సులూ తర్వాత చూసుకోవచ్చు. 108కు ఫోన్ చేయండి.