హనుక్కాకి సుఫ్గానియోత్: జామ్ పెట్టిన డోనట్స్ ఇంట్లోనే

సుఫ్గానియోత్ చేద్దామనుకునేవాళ్ళు ముందు అడిగేది జామ్ గురించే, ఏ జామ్ వేయాలి, ఎంత వేయాలి, కారిపోకుండా ఎలా పెట్టాలి అని. జామ్ అన్నది ఆఖర్లో రెండు నిమిషాల పని అండి. అసలు పనంతా రెండు చోట్ల ఉంది, ఒకటి కట్ చేసిన పిండి రెండోసారి పొంగడం, రెండోది నూనె వేడి. ఈ రెండూ కుదిరితే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు, ఇవి కుదరకపోతే మాత్రం ఎంత ఖరీదైన జామ్ తెచ్చి పెట్టినా పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉన్న పిండి ముద్దే మిగులుతుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. హనుక్కా యూదుల దీపాల పండగ, వాళ్ళ క్యాలెండర్‌లో కిస్లేవ్ నెల 25న మొదలై ఎనిమిది రాత్రులు జరుగుతుంది, మన లెక్కలో నవంబర్ ఆఖరు నుంచి డిసెంబర్ లోపల ఎప్పుడైనా రావచ్చు, 2026లో డిసెంబర్ 4 సాయంత్రం మొదలు. క్రీస్తుపూర్వం 164 ప్రాంతంలో మకబీలు అనే యూదు తిరుగుబాటుదారులు జెరూసలేం ఆలయాన్ని మళ్ళీ చేజిక్కించుకుని శుద్ధి చేసినప్పుడు దీపానికి ఒక్క రోజుకి సరిపడా ఆలివ్ నూనే దొరికిందట, అది ఎనిమిది రోజులు వెలిగిందట. అందుకే పండగలో నూనెలో వేయించినవి తింటారు, అమెరికాలో ఎక్కువగా లాత్కేలు, అంటే బంగాళాదుంప తురుముతో వేసిన అట్లు, ఇజ్రాయెల్‌లో ఎక్కువగా ఈ డోనట్స్. జర్మనీ బెర్లినర్, పోలండ్ పొంచ్కి వీటికి దగ్గరి చుట్టాలు, కాకపోతే అక్కడ పంది కొవ్వులో వేయించే అలవాటు ఉండేది, యూదులకి అది పనికిరాదు కాబట్టి నూనె వాడారు. 1920ల్లో హిస్తద్రుత్ అనే కార్మిక సంఘం వీటిని బాగా ప్రోత్సహించిందని చెప్తారు, లాత్కేలైతే ఎవరింట్లో వాళ్ళు చేసేసుకుంటారు, ఇవి కష్టం కాబట్టి బేకరీలో కొంటారు, పనివాళ్ళకి పని దొరుకుతుంది అని. మనం మళ్ళీ ఇంట్లో చేసేస్తున్నాం, సంఘం వాళ్ళు క్షమించాలి.

సరే, సామాన్లు. ఇది సుమారు 16 డోనట్స్‌కి. మైదా 500 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు (రెండు టీస్పూన్ల మీద కొంచెం), పంచదార 60 గ్రాములు, ఉప్పు ఒక టీస్పూన్, గోరువెచ్చని పాలు 200 మిల్లీలీటర్లు, ఒక పూర్తి గుడ్డు, ఇంకో రెండు గుడ్ల పచ్చసొనలు, మెత్తబడ్డ వెన్న 60 గ్రాములు, ఒక నిమ్మకాయ తొక్క తురుము, కొద్దిగా వెనిలా. చాలామంది ఒక టేబుల్ స్పూన్ బ్రాందీ కూడా వేస్తారు, వేడికి ఆల్కహాల్ తొందరగా ఆవిరైపోయి నూనె తక్కువ పీలుస్తుందని, ఇంట్లో లేకపోతే దానికోసం ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు. వేయించడానికి 1.5 లీటర్ల నూనె, లోపలికి 300 గ్రాముల జామ్, పైన చల్లడానికి పొడి చక్కెర. కప్పుల లెక్క వద్దు, తూకం వేయండి, మైదా కప్పులో ఎలా నింపారన్న దాన్ని బట్టే చాలా తేడా వచ్చేస్తుంది.

తీపి ఇష్టమని పిండిలో పంచదార పెంచకండి. పంచదార ఎక్కువైతే నూనెలో పడగానే పైన ఎర్రబడిపోతుంది, లోపల ఇంకా ఉడికి ఉండదు, మీరేమో అయిపోయిందనుకుని తీసేస్తారు. తీపంతా జామ్‌లోనూ పైన చల్లే చక్కెరలోనూ ఉంది కదా.

ఇంకో విషయం, పిలిచిన వాళ్ళలో కోషర్ అనే యూదుల ఆహార నియమం పాటించేవాళ్ళు ఉంటే ముందే కనుక్కోండి. మాంసంతో భోజనం చేశాక పాల పదార్థాలు తినకూడదు కాబట్టి వాళ్ళిళ్ళలో డోనట్స్ చాలాసార్లు పార్వే పద్ధతిలో చేస్తారు, అంటే అందులో పాలూ ఉండవు మాంసమూ ఉండదు. పాల బదులు నీళ్ళో సోయా పాలో, వెన్న బదులు 50 మిల్లీలీటర్ల నూనె వేస్తే సరిపోతుంది, రుచి కాస్త తగ్గుతుంది గానీ మెత్తదనం ఏం తగ్గదు. అసలు కోషర్ వంట అంటే మాత్రం గిన్నెలు, నూనె, కొన్న జామ్ అన్నిటికీ లెక్కలుంటాయి, కాబట్టి తోచినట్టు చేసేసి కోషర్ అని చెప్పేయకండి, వాళ్ళనే అడగండి. గుడ్లు తిననివాళ్ళకి గుడ్లు తీసేసి పాలు ఇంకో 60 మిల్లీలీటర్లు, వెన్న ఇంకో 20 గ్రాములు పెంచండి, రంగు కొంచెం తెల్లగా ఉంటాయి, త్వరగా గట్టిపడతాయి, అదే రోజు తినేయాలి.

పిండి కలపడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. వెన్న తప్ప మిగతావన్నీ ఒక పెద్ద గిన్నెలో వేసి కలిపేసి, ముద్దగా అయ్యాక వెన్న కొంచెం కొంచెంగా వేస్తూ పిసకాలి. పాలు వేలు పెడితే హాయిగా ఉండేంత వెచ్చగా ఉంటే చాలు, పొగలు కక్కుతున్న పాలు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇంక మీరు ఎంతసేపు కూర్చున్నా అది పొంగదు. మీ దగ్గరున్నది ఇన్‌స్టంట్ కాకుండా యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే ముందు పాలల్లో ఒక చెంచా పంచదారతో కలిపి పది నిమిషాలు ఉంచండి, నురగ వస్తే బతికున్నట్టు, రాకపోతే అక్కడే ఆపేసి కొత్త ప్యాకెట్ తెరవండి. మిషన్ ఉంటే 8 నుంచి 10 నిమిషాలు, చేత్తో అయితే 15 నిమిషాల దాకా పడుతుంది, మొదట్లో చేతికి బాగా అంటుకుంటుంది, కంగారుపడి మైదా చల్లేయకండి, ఇక్కడ చల్లిన పిండే తర్వాత డోనట్‌ని గట్టిగా చేసేది. పిసికేకొద్దీ అదే గిన్నె వదిలేస్తుంది, చివరికి చెవి తమ్మెలా మెత్తగా ఉండాలి, చిన్న ముక్క తీసి లాగితే వెంటనే తెగకుండా పల్చటి పొరలా సాగాలి.

గిన్నెకి నూనె రాసి పిండి అందులో పెట్టి మూసేసి వదిలేయండి, గంట నుంచి గంటన్నరలో రెట్టింపవుతుంది, చలికాలం కాబట్టి రెండు గంటలు కూడా పట్టచ్చు, గడియారం కాదు పిండి వైపు చూడండి. నన్నడిగితే ముందు రోజు రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయడమే సుఖం, 8 నుంచి 18 గంటలు ఉంచచ్చు, రుచి కూడా బాగుంటుంది, చల్లటి పిండి ఒత్తడం తేలిక, పండగ రోజు పొద్దున్నే పిండితో కుస్తీ ఉండదు.

పొంగిన పిండిని మెల్లగా అణిచి, పీట మీద కొద్దిగా మైదా చల్లి 1.5 సెంటీమీటర్ల మందం వచ్చేలా ఒత్తండి, అంతకంటే పల్చగా వద్దు, పల్చగా అయితే జామ్ పట్టడానికి లోపల చోటే ఉండదు. 6 లేదా 7 సెంటీమీటర్ల గుండ్రటి కట్టర్‌తో, లేకపోతే పదునైన అంచున్న గ్లాసుతో, నిట్టనిలువుగా నొక్కి తీయండి, గ్లాసు మెలితిప్పితే అంచులు మూసుకుపోయి వంకరగా పొంగుతాయి. మిగిలిన ముక్కలు కలిపి మళ్ళీ ఒత్తితే గట్టిగా వస్తాయి, వాటికి పది నిమిషాలు రెస్ట్ ఇచ్చి ఒత్తండి, లేదా కట్టర్ గోల లేకుండా పిండి మొత్తాన్ని 55 గ్రాముల చొప్పున తూచి ఉండలు చుట్టి కొంచెం నొక్కేయండి, ఒక్క ముక్క వృథా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. కట్ చేసిన ఒక్కోదాన్ని చిన్న చదరపు బేకింగ్ పేపర్ ముక్క మీద పెట్టండి, పేపర్ ఎందుకంటే పొంగాక వాటిని చేత్తో ఎత్తితే గాలంతా పోయి చప్పబడిపోతాయి, పేపర్‌తో సహా నూనెలోకి జార్చేస్తే కొన్ని సెకన్లలో పేపర్ ఊడొస్తుంది, పటకారుతో తీసేయచ్చు. పైన పల్చటి బట్ట కప్పి 30 నుంచి 45 నిమిషాలు, ఫ్రిజ్ పిండైతే గంట పైనే ఉంచండి. అయిందో లేదో తెలియాలంటే పక్కన వేలితో మెల్లగా నొక్కండి, గుంట వెంటనే పైకి వచ్చేస్తే ఇంకా టైం ఉంది, మెల్లగా వచ్చి సగంలో ఆగిపోతే నూనె పెట్టే టైం, అసలు రాకుండా కుంగిపోతే ఎక్కువ పొంగిపోయాయన్నమాట, వెంటనే వేయించేయండి. చాలామంది ఇక్కడే ఆత్రపడతారు, చుట్టాలొచ్చేస్తున్నారని పావుగంటకే నూనెలో వేసేస్తారు.

నూనె విషయానికొస్తే, వాసన లేనిది, ఎక్కువ వేడి తట్టుకునేది ఏదైనా సరే, సన్‌ఫ్లవర్, రైస్ బ్రాన్, వేరుశెనగ. కథలో ఉన్నది ఆలివ్ నూనె కదా అని ఎక్స్‌ట్రా వర్జిన్‌లో వేయించాలని లేదు, ఖర్చూ ఎక్కువ, డోనట్‌కి దాని ఘాటూ వచ్చేస్తుంది. అడుగు మందంగా ఉన్న లోతైన గిన్నె తీసుకోండి, నూనె కనీసం 5 సెంటీమీటర్ల లోతు ఉండాలి, గిన్నెలో సగానికి మించకూడదు. వేడి 170 నుంచి 175 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 160 కంటే తగ్గితే నూనె పీల్చేస్తాయి, 185 దాటితే రంగొచ్చేస్తుంది లోపల ఉడకదు. ఈ ఒక్క వంటకి థర్మామీటర్ కొనడం దండగ కాదనే నా అభిప్రాయం, లేదంటే చిన్న పిండి ముక్క వేసి చూడండి, అడుగున కూర్చోకుండా పైకి తేలి చుట్టూ బుడగలొస్తూ నిమిషంలో బంగారు రంగుకి రావాలి, పది పదిహేను సెకన్లకే ఎర్రబడితే మంట తగ్గించి కాసేపు ఆగండి.

ఒక్కసారికి మూడో నాలుగో వేయండి, గిన్నె నింపేస్తే నూనె వేడి దబ్బున పడిపోతుంది. పైన పొంగిన వైపు ముందు నూనెలోకి వెళ్ళేలా తిరగేసి వేయండి, ఒక్కో వైపు నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు, ఒక్కసారే తిప్పాలి, అట్టే కెలకద్దు. జర్మన్ పద్ధతిలో మొదటి వైపు వేగేటప్పుడు మూత పెడతారు, ఆవిరికి బాగా పొంగుతాయి, కానీ తీసేటప్పుడు మూతకి పట్టిన నీళ్ళు నూనెలో పడితే చిటపటలాడి చేతి మీదకి ఎగురుతుంది, అలవాటు లేకపోతే ఆ సాహసం వద్దు. ఒక్కో వాయి అయ్యాక మళ్ళీ నూనె వేడి చూసుకోండి. పిల్లలు ఆ చుట్టుపక్కల తిరగకుండా చూడండి, ఒకవేళ గిన్నెలో నూనెకి మంట అంటుకుంటే నీళ్ళు మాత్రం పోయద్దు, స్టవ్ ఆపి మూత పెట్టేయండి.

బాగా కుదిరిన డోనట్‌కి నడుం చుట్టూ తెల్లటి గీత ఉంటుంది. పిండి బాగా పొంగి తేలిగ్గా ఉంటే నూనె మీద పైకి తేలుతుంది, మధ్య భాగానికి నూనె సరిగ్గా తగలదు, అందుకే అది తెల్లగా ఉండిపోతుంది. గీత లేదంటే చాలావరకు రెండోసారి పొంగడం చాలలేదని అర్థం, మిగతావి ఇంకో పది నిమిషాలు ఆపి వేయించండి. మొదటి వాయిలో ఒకటి విరిచి చూడటం కూడా మంచిదే, మధ్యలో జిగటగా ఉంటే మంట కాస్త తగ్గించి ఇంకో అర నిమిషం ఎక్కువ ఉంచాలి. విరిచింది వంట చేసినవాళ్ళకే చెందుతుంది, ఇందులో వాదన లేదు.

తీసినవి జాలీ మీద పెట్టండి, పేపర్ మీదే ఉంచేస్తే కింద భాగం ఆవిరికి తడిసిపోతుంది. జామ్ పెట్టేముందు 20 నిమిషాలైనా చల్లారనివ్వండి, వేడిగా ఉన్నప్పుడు పెడితే జామ్ నీరైపోయి కారిపోతుంది. పాతకాలం పద్ధతి ఎర్రటి స్ట్రాబెర్రీ జామ్, పైనుంచి పెడతారు, మధ్యలో ఎర్రటి చుక్క కనబడుతుంది. ముక్కలున్న జామ్ అయితే నాజిల్‌కి అడ్డుపడుతుంది, వడకట్టండి లేదా మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి, మరీ పల్చగా ఉంటే కాసేపు మరిగించి చల్లార్చండి. చాప్‌స్టిక్‌తో గానీ సన్నటి కత్తితో గానీ కన్నం చేసి లోపల కొంచెం అటూ ఇటూ తిప్పి చోటు చేసి, పైపింగ్ బ్యాగ్‌తో ఒక టేబుల్ స్పూన్ దాకా నింపండి, చేతిలో బరువు తెలుస్తుంది, కన్నం దగ్గర జామ్ పైకి ఉబికితే ఆపేయండి. ఇజ్రాయెల్ బేకరీల్లో ఇప్పుడు పిస్తా క్రీమ్, చాక్లెట్, దుల్సే దే లెచే (పాలు, పంచదార కాచి చేసే చిక్కటి క్రీమ్), పైన ఐసింగ్, దాని పైన ఇంకేదో, ఇలా చాలా రకాలు పెడుతున్నారు, చూడ్డానికి బాగుంటాయి గానీ పుల్లటి జామ్ ఉన్నదే వేయించిన పిండికి సరిజోడు, క్రీమ్ ఉన్నది ఒకటి తినేసరికే మొహం మొత్తేస్తుంది. క్రీమ్ పెడితే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రిజ్‌లో పెడితే డోనట్ గట్టిపడుతుంది, అదో తలనొప్పి.

పొడి చక్కెర వడ్డించే ముందే చల్లండి, ముందే చల్లితే కరిగిపోయి మాయమైపోతుంది.

సాయంత్రం ఏడుకి దీపాలు వెలిగిస్తారనుకుంటే, ఫ్రిజ్‌లో ఉన్న పిండిని నాలుగుకి బయటికి తీసి ఒత్తేయండి, అయిదున్నర ఆ ప్రాంతంలో నూనె పెడితే దీపాల టైంకి జామ్ కూడా పెట్టేసి రెడీగా ఉంటాయి. మిగిలితే జామ్ పెట్టనివి గాలి తగలని కవర్‌లో ఫ్రీజర్‌లో పెట్టచ్చు, తినేముందు బయట పెట్టి కరగనిచ్చి, 150 డిగ్రీల ఓవెన్‌లో అయిదు నిమిషాలు వేడి చేసి, చల్లారాక జామ్ నింపుకోండి. జామ్ పెట్టినవి మర్నాటికి మెత్తబడిపోతాయి, వాటిని మైక్రోవేవ్‌లో పెట్టేవాళ్ళు జాగ్రత్త, పిండి గోరువెచ్చగా ఉన్నా లోపల జామ్ నాలుక కాలేంత వేడెక్కుతుంది. వేయించిన నూనె పూర్తిగా చల్లారాక వడకట్టి సీసాలో పోసుకోండి, నల్లబడకుండా, కాటు వాసన రాకుండా ఉంటే పండగ ఎనిమిది రోజుల్లో లాత్కేలకి ఇంకోసారి వాడచ్చు.