ఫాల్ట్ ట్రీ నేర్చుకుందాం – 4: ఒక స్విచ్, రెండు పేర్లు

ఒక వైఫల్యం ఏయే కారణాల వల్ల వస్తుందో పైనుంచి కిందికి కొమ్మలుగా గీసే బొమ్మే ఫాల్ట్ ట్రీ. పోయిన పాఠంలో యాండ్ (అన్నీ జరిగితేనే), ఆర్ (ఏ ఒక్కటి జరిగినా) గేట్లు గీసి, బేసిక్ ఈవెంట్లకు, అంటే అడుగునుండే మూల కారణాలకు, సంభావ్యతలు ఇవ్వడం చూశాం. ఈసారి ఒకే ఒక్క తప్పు గురించి మాట్లాడుకుందాం. ఈ తప్పు చేస్తే ట్రీ చూడ్డానికి చక్కగానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఎర్రర్ చూపించదు, జవాబు మాత్రం తప్పుతుంది.

తిరుపతిలో మా అపార్ట్‌మెంట్‌కు రెండు మోటార్లు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని అందరం డబ్బులు వేసుకుని రెండోది పెట్టించాం. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు, ప్రతి ఇంట్లోనూ కొండకు వెళ్లే చుట్టాలు, తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. రెండు మోటార్లూ తిరగలేదు. వాచ్‌మన్ బోర్డు తెరిచి చూపించాడు. ఫ్యూజు పట్టే పింగాణీ నల్లగా మాడిపోయింది, రాగి తీగ చివర చిన్న పూసలా కరిగి ఉంది. "మోటార్లు బాగుండాయి సార్, మెయిన్ స్విచ్చే కాలిపోయుండాది" అన్నాడు. రెండు మోటార్లకూ ఆ ఒక్క స్విచ్ నుంచే వైర్లు వెళ్తున్నాయి.

దీన్నే ట్రీగా గీద్దాం. టాప్ ఈవెంట్: ట్యాంకుకు నీళ్లు ఎక్కలేదు. రెండు మోటార్లూ ఆగితేనే ఇది జరుగుతుంది కాబట్టి కింద యాండ్ గేట్. మొదటి మోటారు ఆగాలంటే అది చెడిపోవాలి, లేదా స్విచ్ పోవాలి: ఆర్ గేట్. రెండోదానికీ అంతే. లెక్క కోసం ఒక్కో మోటారు చెడిపోవడానికి 0.05, స్విచ్ పోవడానికి 0.02 అనుకుందాం.

తప్పు దొర్లేది ఇక్కడే. స్విచ్ రెండు కొమ్మల్లోనూ వస్తుంది. మనం అలవాటు కొద్దీ ఒకచోట ఎస్1, ఇంకోచోట ఎస్2 అని ఐడీ ఇచ్చేస్తాం. కాపీ చేసి పేస్ట్ చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటంతట అవే కొత్త ఐడీ ఇస్తాయి, అది కూడా చూసుకోండి. ఇక సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి సంబంధం లేని రెండు స్విచ్‌లు. ఒక్కో కొమ్మ 0.069, రెండూ గుణిస్తే 0.0048. వెయ్యికి ఐదు కూడా లేదని సంతోషపడతాం.

ఇప్పుడు రెండుచోట్లా ఎస్ అనే ఒకే ఐడీ ఇచ్చి మళ్లీ రన్ చేయండి. జవాబు 0.0225. అంటే దాదాపు ఐదు రెట్లు.

ఎందుకో కట్ సెట్ల పట్టిక చూస్తే తెలుస్తుంది. టాప్ ఈవెంట్ జరగడానికి చాలినంత చిన్న గుంపే మినిమల్ కట్ సెట్. తప్పు ట్రీలో నాలుగు గుంపులు వస్తాయి, అన్నింటిలోనూ రెండేసి ఈవెంట్లు. సరైన ట్రీలో రెండే: ఎం1, ఎం2 (రెండు మోటార్లూ చెడిపోవడం) కలిసి ఒకటి, ఎస్ ఒంటరిగా ఇంకొకటి. బూలియన్ లెక్కలో ఎస్‌ను ఎస్‌తో గుణిస్తే ఎస్సే వస్తుంది, 0.02 అలాగే నిలుస్తుంది. ఐడీలు వేరైతే సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలిసే దారే లేదు. అందుకే నేను జవాబు కంటే ముందు ఈ పట్టికే తెరుస్తాను. ఒంటరి ఈవెంట్ కనిపిస్తే నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి చూడాల్సిందే.

పక్కనే ఫసెల్-వెస్లీ అనే కాలమ్ ఉంటుంది. మొత్తం ప్రమాదంలో ఏ ఈవెంట్ వాటా ఎంతో చెబుతుంది. ఇక్కడ స్విచ్ వాటా దాదాపు 89 శాతం. మూడో మోటారు కొందామని ఆ రోజు మాలో ఒకరు అన్నారు. కొంటే 0.0225 కాస్తా 0.0201కి దిగుతుంది, అంతే. అదే రెండో మోటారుకు వేరే మెయిన్ స్విచ్ పెట్టిస్తే ఎస్1, ఎస్2 నిజంగానే రెండవుతాయి, అప్పుడు 0.0048 అని ధైర్యంగా రాసుకోవచ్చు. మేం చివరికి అదే చేయించాం.

ఇంటిపని: స్విచ్‌లు విడదీసిన ట్రీనే తీసుకోండి. వీధి మొత్తానికి కరెంటు పోవడం అనే ఈవెంట్‌ను, సంభావ్యత 0.01తో, రెండు కొమ్మల్లోనూ ఒకే ఐడీతో చేర్చండి. 0.0147 వస్తే మీ ట్రీ సరైనదే. 0.0061 దగ్గర ఆగితే ఐడీలు మళ్లీ చూడండి.